నాగటి నక్కు
(మా ఊరి ఉన్నత పాఠశాలలో మాస్టారి పేరున ఏటా జరిగే స్మారకోపన్యాసం, అచ్చుకోసం సరిచూసిన పాఠం)



నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అర్ధ సంవత్సర పరీక్షలో మాస్టారు నాగలి భాగాల పేర్లు రాయమన్నారు. కాడి, నొగ, మేడి అని రాసి నాలుగోది 'నక్కు' అని రాశాను. తక్కిన తరగతంతా 'కర్రు' అని రాసింది. జవాబు పత్రాలు పంచే రోజున మాస్టారు నన్ను బల్ల దగ్గరికి పిలిచారు.

"ఈ మాట నీకెక్కడ దొరికిందిరా?"

"నాయన చదివే పుస్తకంలో ఉందండీ."

"పొలంలో మీ నాయన దాన్నేమంటాడు?"

"కర్రు అంటాడండీ."

"మరి నువ్వు నక్కు అని ఎందుకు రాశావు?"

"పరీక్షకి పుస్తకంలో మాటే రాయాలనుకున్నానండీ."

ఆయన నవ్వలేదు. మార్కు వేశారు. వచ్చే సోమవారం ఆ పుస్తకం తీసుకురమ్మన్నారు. ఈ రోజు ఆయన పేరున నిలబడి మాట్లాడే అర్హత నాకేమైనా ఉంటే అది ఆ ఒక్క మార్కుతో మొదలైంది. అందుకే ఇవాళ ఆ మాట గురించే మాట్లాడతాను.

ఆ పుస్తకం తెలుగు బైబిలు. మా నాయన ఊళ్ళో ఒక రైతు దగ్గర జీతానికి ఉండేవాడు. తెల్లవారుజామున కోడి కూయకముందే లేచి ఎడ్లకు మేత వేసి, అరక కట్టుకుని పొలం పోయేవాడు. బళ్ళో చదువుకోలేదు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని ఒకే ఒక పుస్తకం చదివాడు, అదీ వేలు పెట్టి, పైకి, కూడబలుక్కుంటూ. మా పల్లెలోకి ఆ పుస్తకం వచ్చింది మా ముత్తాతల కాలంలో. 1876 నుంచి 1878 దాకా ఈ దేశాన్ని కాల్చేసిన కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఒంగోలు మిషన్ చరిత్రలో రాసి ఉంది. మా ముత్తాత ఆ గుంపులో ఉన్నాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు.

ఆ పుస్తకంలో యెషయా ప్రవక్త రెండో అధ్యాయం నాలుగో వచనంలో 'నాగటి నక్కులు' అన్న మాట వస్తుంది. ఒక కాలం వస్తుందని, ఆ కాలంలో జనాలు తమ ఖడ్గాలను నక్కులుగా మార్చుకుంటారని, యుద్ధవిద్య నేర్చుకోవడం మానేస్తారని దాని భావం. మీకా ప్రవక్త నాలుగో అధ్యాయంలోనూ ఇదే మాట ఉంది. మా నాయన ఆ వచనం దగ్గరికి వచ్చినప్పుడల్లా వేలు ఆపి, "నక్కంటే కర్రేరా" అనేవాడు. ఏడాదికి రెండు మూడుసార్లయినా విని ఉంటాను. అందరికంటే ఎక్కువసేపు ఆ ఇనపముక్క వెనక నడిచిన మనిషి దాని పేరు ఒక పుస్తకంలో చదివి, తనకు తానే అర్థం చెప్పుకునేవాడు. అందులో ఉన్న గౌరవం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సోమవారం పుస్తకం తెచ్చాను. మాస్టారు ముందు దాన్ని వ్యాకరణానికి వాడుకున్నారు. ఇల్లు–ఇంటి, వాకిలి–వాకిటి, నాగలి–నాగటి. ఔపవిభక్తికాలు. 'నాగలి నక్కు' అనకుండా 'నాగటి నక్కు' అని ఎందుకన్నారో నల్లబల్ల మీద రాసి చూపించారు. ఆ రోజునుంచి ఆ పాఠం నేను మర్చిపోలేదు, ఎందుకంటే ఉదాహరణ మా ఇంటి పుస్తకం లోంచి వచ్చింది. తర్వాత ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది. "అనువాదకుడు ఎవరోగాని కొలిమి దగ్గర కూర్చున్నవాడు." ఎందుకంటే అక్కడ వాడిన క్రియ 'సాగగొట్టు'. 'మార్చుకుంటారు' అనలేదు, 'చేస్తారు' అనలేదు. సాగగొట్టడం కమ్మరి మాట. కాల్చిన ఇనుమును దాగలి మీద పెట్టి సమ్మెటతో కొడుతూ పొడుగు తీయడం.

తెలుగు బైబిలు ఒక్క చేతిలో తయారైంది కాదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు, వాళ్ళకు తోడుగా నిలిచిన ఆనందరాయరు మొదలుకొని తరతరాలుగా ఎందరో దిద్దుకుంటూ వచ్చిన పాఠం అది. వాళ్ళలో ఎవరికో 'కర్రు' కంటే 'నక్కు' సరైన మాటగా తోచింది. రాసిపెట్టారు. ఇవాళ పొలంలో నక్కు అనేవాళ్ళు నాకు కనబడటం లేదు. కానీ ప్రతి ఆదివారం, ఎన్నో ఊళ్ళలో, నాగలి పట్టిన వంశాల్లో పుట్టినవాళ్ళ నోట ఆ మాట పలుకుతూనే ఉంది. నిఘంటువు చేయలేని పని గుడి చేసింది.

ఇక కర్రు సంగతి. ముందుగా పిల్లలకు ఒక మాట. కర్ర వేరు, కర్రు వేరు. ఒక్క కొమ్ములో కొయ్య ఇనుము అయిపోయింది. మన నాగలిలో నిజంగా అంతే తేడా. తుమ్మ మొద్దుతో వడ్రంగి చెక్కిన నాగలి అంతా కర్ర. నేలను తాకే చివరిభాగం ఒక్కటే కర్రు. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. జానెడు పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు, ఒక చివర మొన. మొద్దుకు పడిన గాడిలో అమర్చి ఇనప కట్టు వేసి బిగిస్తారు. దున్నుతున్నంతసేపూ అది కనబడదు. మేడి కనబడుతుంది, ఎడ్లు కనబడతాయి, మనిషి కనబడతాడు. పని చేసేది మట్టిలో నక్కి ఉంటుంది. 'నక్కు' అనే క్రియకు దాక్కోవడం అని అర్థం కదా. ఆ మాటకూ ఈ మాటకూ చుట్టరికం కలపను గాని, వినేటప్పుడు ఆ పోలిక నా మనసులోకి రాకుండా ఉండదు.

మన కొయ్యనాగలి మట్టిని తిరగేయదు. చీలుస్తుంది. పైన వెడల్పుగా, కింద సన్నగా చాలు పడుతుంది. చాలుకూ చాలుకూ మధ్య దున్నని మట్టి గట్టులా మిగిలిపోతుంది. అందుకే నిలువునా దున్నిన చేనును అడ్డంగా మళ్ళీ దున్నాలి. రాజస్థాన్‌లో కాలీబంగన్ దగ్గర తవ్వినప్పుడు హరప్పా నగరం కంటే ముందటి దుక్కి చేనొకటి బయటపడింది. దాదాపు అయిదువేల ఏళ్ళ నాటిది. అందులో చాళ్ళు నిలువునా అడ్డంగా గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. అప్పటికి ఇనుము లేదు. అంటే నాగలి ముందు పుట్టింది, కర్రు ఎన్నో వందల ఏళ్ళ తర్వాత వచ్చి దాని ముక్కున కూర్చుంది. వచ్చిన తర్వాత మాత్రం, అంతకుముందు కొయ్యకు లొంగని రేగళ్ళు, గరప నేలలు దారికొచ్చాయి.

ఎర్ర గరప నేలలో కర్రు తొందరగా అరుగుతుంది. ఇసక, సన్నరాళ్ళు దాన్ని రుద్దేస్తాయి. నల్లరేగడిలో అరుగుదల తక్కువ, కానీ పదును తప్పితే మట్టి అంటుకుని నాగలి మోయలేనంత అవుతుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పదును అన్నాను. ఈ మాట మన భాషలో రెండు చోట్ల ఉంది. వాన కురిసి, నీరింకి, ఆరీ ఆరకుండా దున్నడానికి వీలుగా నేల ఉన్న స్థితిని పదును అంటాం. ఇనుము వాడిగా ఉన్న స్థితినీ పదును అనే అంటాం. ఒకటి మెత్తదనం, ఒకటి వాడితనం. ఒకదానికొకటి ఎదురు. అయినా రైతు రెంటికీ ఒకే మాట పెట్టుకున్నాడు, ఎందుకంటే అతనికి రెండూ ఒకేరోజు కావాలి. నేలకు పదును వచ్చిన రోజున కర్రుకు పదును లేకపోతే ఆ వాన పోయినట్టే. అందుకని ఏరువాక ముందు కొలిమి దగ్గర జాతరలా ఉండేది. జ్యేష్ఠ పౌర్ణమినాడు పసుపు కుంకుమ పెట్టించుకునే ముందు కర్రు నిప్పుల్లోకి పోయి రావాల్సిందే. అరిగిపోయిన మొనను కాల్చి సాగగొట్టి మళ్ళీ మొన తీసేవారు. దానికి డబ్బు లెక్క ఉండేది కాదు. పంట కల్లానికి వచ్చాక కమ్మరికి మేర కొలిచేవారు.

రైతుకు మేర కొలిచే హక్కుంది, అందుకని కొలిమి పందిట్లో కూర్చునే హక్కూ ఉంది. కర్రు మోసుకొచ్చే పాలేరుకు లేదు. మా నాయన కర్రు తెచ్చి పందిరి బయట నేలమీద పెట్టి దూరంగా నిలబడేవాడు. లోపలివాళ్ళు అది అందుకునేవారు. పదును పెట్టాక మళ్ళీ అక్కడే పెట్టేవారు. నీళ్ళలో ముంచిన ఇనుము ఇంకా వేడిగా ఉండగానే గోనెపట్టాలో చుట్టుకుని పొలానికి పరిగెత్తేవాడు. కొలిమితిత్తి తోలు మా పల్లెలో తయారైందే, ఎడ్ల మోకులూ పలుపులూ మా పల్లెలో తయారైనవే. అవి పందిట్లోకి పోయేవి. చేసినవాళ్ళు పోలేదు.

అదే పుస్తకంలో, సమూయేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయంలో ఇంకొక సంగతి ఉంది. దాన్ని మాస్టారే నాకు చూపించారు. ఇశ్రాయేలు దేశంలో కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు చూసుకున్నారట. ఉంటే కత్తులు, ఈటెలు చేసుకుంటారని భయం. దాంతో ఇశ్రాయేలీయులు తమ నక్కులకు పదును పెట్టించుకోవడానికి కూడా శత్రువు దగ్గరికి పోవాల్సి వచ్చింది. మాస్టారు ఆ భాగం నాచేత పైకి చదివించి, "ఎవరు ఎవరి దగ్గరికి పోయి నిలబడ్డారో చూశావా?" అన్నారు. ఇంకేమీ అనలేదు. నాకు అప్పుడు పదమూడేళ్ళు. కొలిమి పందిరి బయట నిలబడిన మా నాయన గుర్తొచ్చాడు. ఎవరి చేతిలో పదును ఉందో వాళ్ళ చేతిలో పొలం ఉంటుందన్న సంగతి ఏ అర్థశాస్త్ర గ్రంథంలో చదివినా నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

ఆ కథలో తర్వాతి వచనం భాషవాళ్ళకు ఒక పెద్ద పాఠం. అక్కడ హీబ్రూ మూలంలో 'పీమ్' అన్న మాట ఒకటుంది. గ్రంథం మొత్తంలో మళ్ళీ ఎక్కడా రాదు. దాని అర్థం మర్చిపోయారు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో, పదును పెట్టే సందర్భం కదా అని ఊహించి, ఆకురాయి అనే అర్థం ఇచ్చారు. మన తెలుగు పాఠంలోనూ 'ఆకురాళ్లు' అనే ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో పాలస్తీనా తవ్వకాల్లో చిన్న చిన్న రాతి తూనికలు దొరికాయి. వాటిమీద 'పీమ్' అని చెక్కి ఉంది. ఒక్కొక్కటి 7 గ్రాములకు పైన, 8 గ్రాముల లోపు. షెకెలు అనే తూనికలో మూడింట రెండు వంతులు. అప్పుడు తెలిసింది, అది పనిముట్టు కాదు, ధర. ఒక నక్కు పదును పెట్టినందుకు ఫిలిష్తీయుడు తీసుకున్న వెండి బరువు. మూడువందల ఏళ్ళు ఆకురాయిగా చదువుకున్నది నిజానికి కూలి రేటు. మాటను పోగొట్టుకుంటే ఏం పోతుందని అడిగేవాళ్ళకు నేను ఈ కథ చెబుతాను. అన్యాయం ఎంత ధరకు జరిగిందో ఆ లెక్క పోతుంది.

ఆ ఏడాదే ఒక ఆదివారం మధ్యాహ్నం, ప్రార్థన అయ్యాక, మాస్టారు నన్ను వెంటబెట్టుకుని కొలిమికి వెళ్ళారు. పందిరి బయట నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన వెనక్కి చూడకుండానే నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచి, దాగలి పక్కన ఉన్న మొద్దుమీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. కమ్మరి ఆచారిగారు చేతిలో పని ఆపి చూశారు. మాస్టారు ఆ చూపును పట్టించుకోకుండా అడిగారు.

"ఆచారిగారూ, కత్తిని కర్రు చెయ్యాలంటే ఎట్లా చేస్తారు?"

ఆచారిగారు చాలాసేపు ఆలోచించారు. పనివాడు పని గురించి ఆలోచించేటప్పుడు ఎదుట ఉన్న మనుషుల్ని మర్చిపోతాడు. ఆ పందిట్లో ఆ మరుపు నాకు మేలు చేసింది.

"కత్తి ఇనుము పలచన పంతులుగారూ. సాగగొడితే ఇంకా పలచనై రేకైపోద్ది. మడతపెట్టాల. తెల్లగా కాలిందాకా కాల్చి ఒకదాంట్లో ఒకటి అతకాల. ఒక్క కత్తి చాలదు, రెండో మూడో కావాల. బొగ్గులు చానా పడతయ్."

"మరి కర్రును కత్తి చెయ్యాలంటే?"

"అదెంతసేపు? అదే సాగగొట్టుకుంటా పోవటమే."

మాస్టారు మాట్లాడలేదు. ఇంటికి పోతూ దారిలో యోవేలు గ్రంథం మూడో అధ్యాయం పదో వచనం చదవమన్నారు. అక్కడ సరిగ్గా తిరగబడి ఉంది. కర్రులు చెడగొట్టి ఖడ్గాలు చేసుకోమని యుద్ధానికి పిలుపు. ఒకే గ్రంథంలో రెండు వైపులా ఉంది. ఒకటి తేలిక, ఒకటి కష్టమని చెప్పింది మాత్రం మా ఊరి కమ్మరి. అప్పటినుంచి ఆ 'సాగగొట్టు' అనే మాట గురించి నేను మాస్టారితో కొంచెం విభేదిస్తాను. యోవేలు దగ్గర అయితే అది అచ్చంగా సరిపోయే క్రియ. యెషయా దగ్గర మడతపెట్టాలి. కానీ ఆ విభేదం కూడా ఆయన పెట్టిన భిక్షే.

మన పురాణాలవాళ్ళకు ఈ రెండు వైపులూ తెలుసు. బలరాముడు హలాయుధుడు. ఆయన ఆయుధమే నాగలి. అలిగి యమునను లాగాడు, హస్తినాపురాన్ని గంగవైపు ఒరిగించాడు. జనకుడు యజ్ఞభూమి దున్నుతుంటే నాగలికి తగిలింది బిడ్డ. సీత అంటేనే నాగేటి చాలు. ఋగ్వేదం నాలుగో మండలం 57వ సూక్తం క్షేత్రపతిని, నాగేటి చాలును, కర్రులను పేరుపెట్టి పిలుస్తుంది. సంస్కృతంలో కర్రుకు ఫాలం అని పేరు. మనం ఫాలం అనగానే నుదురు అనుకుంటాం, ఫాలాక్షుడని శివుణ్ణి తలచుకుంటాం. హిందీలో ఫాల్, మరాఠీలో ఫాళ అంటే ఇప్పటికీ కర్రే. తమిళులు కొళు అంటారు, కన్నడిగులు గుళ అంటారు. ఇంగ్లీషువాళ్ళ ప్లౌషేర్‌లో షేర్ అంటే వాటా కాదు, కోసేది అని.

ఫాలం మాట ధర్మశాస్త్రాల్లో మరో పనికీ వాడారు. నిజం తేల్చే దివ్యాల్లో ఒకటి ఫాలదివ్యం. బృహస్పతి స్మృతి దాని కొలతలు కూడా చెబుతుంది. 12 పలాల ఇనుము, 8 వేళ్ళ పొడవు, 4 వేళ్ళ వెడల్పు. ఎర్రగా కాల్చి, ఆవులు దొంగిలించాడని నింద పడ్డవాడిచేత నాలుకతో నాకించాలి. కాలకపోతే నిర్దోషి. నేను ఆ కొలతల్ని మొదటిసారి చదివినప్పుడు శిక్ష గురించి కాదు, ఇనుము గురించే ఆలోచించాను. అవి దాదాపు మా నాయన కర్రు కొలతలు. దొరతనానికి ప్రత్యేకమైన ఆయుధం అక్కర్లేదు. దున్నే ఇంట్లో ఎప్పుడూ ఉండే దాన్నే కాలిస్తే చాలు.

'కర్రు కాల్చి వాత పెట్టడం' అన్న మాట మనకు దీని పక్కింటి చుట్టమే. మందమైన ఇనుము, వేడి పట్టుకుంటే తొందరగా వదలదు. పశువుకు జబ్బు చేస్తే వాత పెట్టేవారు, దానికి చేతికందేది కర్రే. ఇవాళ ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు ఏ పత్రిక తెరిచినా ప్రజలు ఎవరికో కర్రు కాల్చి వాత పెట్టి ఉంటారు. టీవీల్లో నాయకులు రోజూ పెట్టిస్తారు. రాసే పిల్లవాడు కర్రును చూసి ఉండడు, మాట్లాడే నాయకుడు మేడి పట్టి ఉండడు. ఒక మాట భాషలో బతికి ఉన్నందుకు నేను సంతోషించాలి. సంతోషించలేకపోతున్నాను. వేల ఏళ్ళు మట్టిని చీల్చి అన్నం పెట్టిన పని అంతా రాలిపోయి, ఎప్పుడో ఒకసారి చేసిన కాల్చే పని ఒక్కటే దాని పేరున మిగలడం నాకు బాధ. నక్కు పుస్తకంలోకి పోయి శాంతికి గుర్తయింది. కర్రు వీధిలో ఉండిపోయి శిక్షకు గుర్తయింది. రెండూ ఒకే వస్తువు.

ఆ యెషయా మాట ప్రపంచంలో ఎక్కడెక్కడికి పోయిందో చెప్పకపోతే ఈ ఉపన్యాసం సగమే. 1959లో సోవియట్ యూనియన్ న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితికి ఒక కంచు విగ్రహం ఇచ్చింది. యెవ్‌గేనీ వుచెటిచ్ చేసినది. ఒక మనిషి సమ్మెట ఎత్తి కత్తిని కర్రుగా కొడుతుంటాడు. 1980ల్లో తూర్పు జర్మనీలో యువకులు ఆ బొమ్మను గుడ్డముక్కలమీద అచ్చువేసి చొక్కాలకు కుట్టుకున్నారు. కాగితం మీద అచ్చువేయాలంటే సర్కారు అనుమతి కావాలి, గుడ్డమీద అక్కర్లేదు. సోవియట్ కానుక బొమ్మే అయినా పోలీసులు వాటిని పీకించారు, బడుల నుంచి పిల్లల్ని పంపేశారు. 1983 సెప్టెంబరు 24 రాత్రి విట్టెన్‌బర్గ్‌లో, మార్టిన్ లూథర్ నివసించిన ఇంటి ఆవరణలో, పాస్టరు ఫ్రెడరిక్ షోర్లెమ్మర్ పూనికతో ఒక కమ్మరి నిజంగానే కొలిమి పెట్టి అందరి ముందూ ఒక కత్తిని కాల్చి కర్రుగా కొట్టాడు. ఆ సంగతి నేను చదివినప్పుడు మా ఆచారిగారు అప్పటికే లేరు. ఉంటే ఎన్ని కత్తులు పట్టాయని అడిగేవారు.

అదే మాటను అమెరికా ప్రభుత్వం 1957లో ఇంకొకదానికి పెట్టింది. అణుబాంబులతో కాలవలు, రేవులు తవ్వే పథకానికి ప్లౌషేర్ అని పేరు. 1962 జులై 6న నెవాడా ఎడారిలో 104 కిలోటన్నుల బాంబు భూమిలో పేల్చారు. దాదాపు 390 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల లోతు గొయ్యి పడింది. దుమ్ము గాలిలో కొట్టుకుపోయి ఎన్నో రాష్ట్రాల మీద పడింది. ఆ గొయ్యి ఇప్పటికీ ఉంది. అందులో ఎవరూ ఏమీ విత్తలేదు. 1977 దాకా నడిచి పథకం ఆగిపోయింది. మాటను దొంగిలించడమంటే నాకు ఇదే. వస్తువు పని తెలిసినవాడు దానికి ఆ పేరు పెట్టడు. కర్రు ఒక మనిషి నడిచేంత వేగంతో, జానెడు లోతున పని చేస్తుంది. ఆ వేగం, ఆ లోతు దాని అర్థంలో భాగం.

కత్తుల సంగతి వచ్చింది గనక మన ఇంటి మాట ఒకటి. తెలంగాణలో కోనసముద్రం, నిర్మల్ ప్రాంతాల కొలుముల్లో తయారైన ఉక్కు ముద్దలు పర్షియా వర్తకుల చేతులమీదుగా పోయి పేరుమోసిన కత్తులయ్యాయి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఊట్జ్ అన్నారు, మన దక్షిణాది 'ఉక్కు' అన్న మాటే అది. ఆ కత్తుల మీద పుస్తకాలు ఉన్నాయి, మ్యూజియాల్లో అద్దాల పెట్టెలు ఉన్నాయి. అదే ప్రాంతంలో చెరువుల కింద పొలాలు దున్నిన కర్రులు ఒక్కటీ ఏ అద్దాల పెట్టెలోనూ నాకు కనబడలేదు. కనబడకపోవడానికి కారణం తేలిక. కత్తి దాచుకునేది. కర్రు అరిగేది.

మాటలు కూడా అరుగుతాయని తెలిసినవాళ్ళు కొందరు సమయానికి వచ్చారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం తెచ్చింది. అది వ్యవసాయానిదే. పండితుల్ని కాకుండా రైతుల్ని అడిగి, ఏ సీమలో ఏ వస్తువును ఏమంటారో రాసుకున్న పని. రాయలసీమ మడక, మన అరక, నాగలి పక్కపక్కన నిలబడ్డాయి. ఆ మాటల ఆధారంగానే ఆయన తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విడదీసి చూపారు. పనిముట్ల పేర్లే భాష సరిహద్దులు గీశాయి. మాస్టారు ఆ సంపుటం తెప్పించుకుని, అట్ట ఊడిపోయేదాకా వాడారు. అంచుల్లో మా ఊరి మాటలు పెన్సిలుతో రాసుకున్నారు. ఒక పుట అంచున మా నాయన పేరు, పక్కన 'నక్కు — పుస్తకం నుంచి' అని ఉంది. ఆయన పోయాక వాళ్ళ అమ్మాయి ఆ ప్రతి నాకిచ్చారు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎడ్లు లేవు. ట్రాక్టరు గొర్రుకు బిగించే ఇనప మొనల్ని మా వైపు ఇంకా కర్రులే అంటున్నారు. అరిగితే కాల్చరు, సాగగొట్టరు. బోల్టులు విప్పి పారేసి కొత్తవి వేస్తారు. కొలిమి ఉన్నచోట వెల్డింగు షాపు ఉంది. అందులో పనిచేసే కుర్రాడు మా పల్లెవాడు. కుర్చీ వేసుకుని పందిరి మధ్యలో కూర్చుంటాడు. ఈ సంగతి చెప్పడానికి నాకు చాలా సంతోషంగా ఉంది. మాస్టారు ఉంటే అతని దగ్గరికి పోయి ఏ పనికి ఏమంటాడో రాసుకునేవారు. మీ పిల్లల్లో ఎవరైనా ఆ పని మొదలుపెడితే కాగితం, పెన్సిలు నేనిస్తాను.

చివరిగా ఈ మూట. నాయన పనిచేసిన రైతు ట్రాక్టరు కొన్నప్పుడు నాగలి వంటచెరకులోకి పోయింది. నాయన ఏమీ అడగలేదు, కర్రు ఒక్కటి ఇమ్మన్నాడు. ఇచ్చారు. ఇదే అది. కొత్తగా ఉన్నప్పుడు జానెడు ఉండేది. ఇప్పుడు నా నాలుగు వేళ్ళ కంటే కొంచెం పొడుగు. తక్కిన ఇనుము నాయన ముప్పై ఏళ్ళు దున్నిన మూడెకరాల ఎర్రచేలో కలిసిపోయింది. ఆ చేను మాది కాదు.

దీన్ని ప్రధానోపాధ్యాయులుగారికి అప్పగిస్తున్నాను. తెలుగు చెప్పే గదిలో మాస్టారి బల్లమీద పెట్టండి. అద్దాల పెట్టె వద్దు, పిల్లలు చేత్తో పట్టుకుని చూడాలి. పక్కన చీటీ రాస్తే రెండు పేర్లూ రాయండి. వానాకాలం తుప్పు పడుతుంది, నెలకోసారి కాస్త ఆముదం రాయిస్తూ ఉండండి.